నూటికి ముప్పయ్యెనిమిది

"చదువు. పైన పెద్దక్షరాల్లో ఏముందో అదే చదువు," అన్నాడు శేషగిరిరావు, పేపరు కోడలి ముందుకు తోసి.

"చదివాను మావయ్యా."

"పైకి చదువమ్మాయ్. నీ మొగుడు కూడా వింటాడు."

ఉషశ్రీ భుజాన ఉన్న బ్యాగు దించలేదు. బాపట్ల బస్సు ఎనిమిదిన్నరకి. ఆసుపత్రి ల్యాబులో తొమ్మిదిముప్పావుకల్లా ఉండాలి. అయినా గుమ్మంలో నిలబడిపోయింది, అవతల కుర్చీలో ఉన్నది మామగారు కాబట్టి. ఆయన పేపరు పట్టుకున్న పొద్దున ఎవరూ టైముకి ఇల్లు కదలరు.

"తీర పల్లెల్లో నూటికి ముప్పయ్యెనిమిది మందికి కరోనా," అని చదివింది.

"విన్నావురా ప్రణీత్? రెండు నెలల్నుంచీ నేను మొత్తుకుంటున్నదే వేశాడు. సుబ్బులు ఆ పల్లెనించేగా వచ్చేది? మన వసారాలో కూచుంది. టీ తాగింది. రెండుసార్లు దగ్గింది, నేను నా చెవులతో విన్నాను. వారం తిరక్కుండా మీ అమ్మ..."

ఆయన మాట ఎప్పుడూ అక్కడికొచ్చి ఆగిపోతుంది. ప్రణీత్ లేచి ఫ్యాను వేగం పెంచాడు. ఆ గదిలో అంత ఉక్కగా ఏమీ లేదు.

ప్రణీత్ తల్లి సుబ్బాయమ్మ ఆషాఢంలో పోయింది. తన కాళ్ళతో తనే నడిచి అంబులెన్సు ఎక్కింది. గ్యాసు కట్టేశానో లేదో చూడమని కిటికీలోంచి చెప్పి మరీ వెళ్ళింది. తరవాత ఆమెను ఇంట్లోవాళ్ళెవరూ చూడలేదు. గుంటూరులో ఎవరో చుట్టారు, ఎవరో మోశారు, ఎవరో కాల్చారు. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషికి చివరికి మిగిలింది ఫోనులో వచ్చిన ఒక మెసేజి. కంటికి కనపడని పురుగుమీద కోపం ఎన్నాళ్ళని నిలుపుకుంటాడు? దానికో మొహం కావాలి. ఇరవై ఏళ్ళుగా గడపలో చేపల గంప దించే వెంకటసుబ్బులు మొహం ఆయనకి దొరికింది.

దొరికిన మొహాన్ని వీధివీధంతటికీ చూపించాడు. ఇంటింటికీ తిరగడం మానేసి మలుపు దగ్గర గోడవారన కూచుంటున్న సుబ్బులుని అక్కడినించి కూడా లేపెయ్యాలని పట్టుబట్టాడు. పది గంటలకి డేనియల్ మాస్టారి వరండాలో వీధి కమిటీ. ఇవాళ్టి పేపరు సరిగ్గా సమయానికొచ్చింది.

"మావయ్యా, దుగ్గిరాల యార్డులో మీరు పసుపు లాటు ఎలా చూస్తారు?" అంది ఉషశ్రీ.

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి."

నలభై ఏళ్ళు పసుపు కొన్నవాణ్ణి పసుపు గురించి అడిగితే చెప్పకుండా ఉండలేడు. "బస్తాబస్తాకీ తిరిగి గుప్పెడు గుప్పెడు తీయిస్తాను. కొమ్ము విరిచి లోపల రంగు చూస్తాను. పది కొమ్ములు విరిచానంటే వంద బస్తాల సంగతి చెప్పేస్తా."

"ఎవరైనా తడిసిన మూల బస్తాల్లోంచే గుప్పెడు తీసి మీ చేతిలో పెడితే?"

"పెట్టనిస్తానా? అందుకేగా నేనే తిరిగేది."

"పేపరు మీ చేతిలో పెట్టింది అదే. ఏడో పేజీ తీయండి. పల్లెలో రక్తం తీసింది కేసులొచ్చి కంచె కట్టిన రెండు వీధుల్లోనే. యాభై మందికి. అందులో పందొమ్మిది మందికి ఉంది. ఆ పందొమ్మిదినే నూటికి ముప్పయ్యెనిమిది చేసి, తీరమంతటికీ పూసి పైన వేశారు. ఇంకో యాభై మందిని తీసుంటే పదముగ్గురో, ఇరవైముగ్గురో వచ్చేవాళ్ళు."

శేషగిరిరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఏడో పేజీ పట్టికను వేలితో కింది దాకా వెతికాడు. మొండివాడేగానీ లెక్క చూడకుండా కొట్టిపారేసే మనిషి కాదు.

"మన తెనాలి వార్డుల్లో ముప్పయ్యొకటి అని ఉందేంటి?"

"అదే చెబుతున్నా. దాన్ని పైన వేయలేదు."

ప్రణీత్ చిన్నగా దగ్గాడు. దగ్గినందుకు తనే ఉలిక్కిపడి మంచినీళ్ళు తాగాడు. ఆ ఇంట్లో దగ్గు మామూలు శబ్దంగా ఉండడం మానేసి చాలా రోజులైంది.

"ఇంకో సంగతి మావయ్యా. ఇది ఇవాళ జబ్బుతో ఉన్నవాళ్ళ లెక్క కాదు. ఎప్పుడో వచ్చిపోయిందని రక్తంలో మిగిలిన గుర్తు."

"వచ్చిపోయిందంటే ముందు వచ్చిందనేగా? ఆషాఢంలోనే అక్కడ ఉందనేగా?"

"ఆషాఢంలో వచ్చిందో శ్రావణంలో వచ్చిందో ఆ గుర్తు చెప్పదు."

"సుబ్బులు ఆ పందొమ్మిది మందిలో లేదని నువ్వు చెప్పగలవా?"

"ఉందని మీరు చెప్పగలరా? పది కొమ్ములు విరిచి లాటు సంగతి చెబుతారు, ఒప్పుకున్నాను. లాటు సంగతి విని, విరవని కొమ్ము లోపల ఏ రంగుందో చెబుతారా?"

పసుపు విషయంలో ఆయన అబద్ధమాడలేడు. పేపరు నాలుగు మడతలు పెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచాడు.

"కొమ్ముకి నోరుండదమ్మాయ్," అన్నాడు చివరికి. "అది మీ అత్తయ్య పక్కన కూచుని దగ్గలేదు."

*

వంటింట్లో సీసాలో నీళ్ళు పట్టుకుంటుంటే ప్రణీత్ వెనకాలే వచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"ఎందుకు వాదిస్తావు ఉషా? ఆయన బాధ ఆయన్ని పడనీ."

"ఆయన బాధ ఆయన పడ్డంలేదండీ. సుబ్బులు పిన్ని పడుతోంది."

"నాలుగు రోజులు పోతే ఆయనే మర్చిపోతారు. ఆవిడ ఇంకో వీధిలో కూచుంటుంది."

ఉషశ్రీ కుళాయి కట్టేసింది. "నా కాగితం సంగతి ఆయనకి చెప్పేస్తాను."

ప్రణీత్ మొహంలో రంగు మారింది. ఉషశ్రీలా పల్లెకెళ్ళి సర్వేకి రక్తాలు తీసిన ల్యాబువాళ్ళందరికీ కూడా పరీక్ష చేశారు. ఉషశ్రీ కాగితం వచ్చి పదకొండు రోజులైంది. యాంటీబాడీలు ఉన్నాయి. జ్వరం లేదు, ఒళ్ళునొప్పులు లేవు, ఒక్క పూట డ్యూటీ మానింది లేదు. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియకుండా తన ఒంట్లోంచి నడిచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ అత్తయ్యని పట్టుకుందా? పదకొండు రోజులుగా ఆమెకి అన్నం సయించడం లేదు.

"మంచిదేగా, ఇంక నీకు రాదు అనుకున్నాం. అక్కడితో వదిలెయ్," అన్నాడు ప్రణీత్.

"రాదని కూడా ఎవరూ చెప్పలేరు."

"ఏదీ చెప్పలేనప్పుడు ఇది మాత్రం ఎందుకు చెప్పడం? నాన్న ఏమనుకుంటారో తెలుసా? సుబ్బులు బయటి మనిషి. నువ్వు రోజూ ఆయనకి కంచం పెట్టాలి. ఒకసారి నీమీదికి తిరిగితే ఆయన మొహం నువ్వు చూడగలవా? నేను చూడగలనా?"

మొగుడు మంచివాడు కావడం ఇలాంటప్పుడే కష్టం. అతను దాచమంటున్నది ఆమె కోసమే. ఆ దాపరికం కింద నలిగేది వేరే ఆడదని అతనికీ తెలుసు. తెలిసి కూడా తలుపు దగ్గరగా వేశాడు.

ఉషశ్రీ సీసా మూత బిగించి బయటికి నడిచింది.

*

బస్టాండులో బాపట్ల బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. సీటు విడిచి సీటుకి తెల్ల రంగుతో గుర్తు వేశారు. ఉషశ్రీ ఒక కాలు మెట్టుమీద పెట్టేసరికి రేపల్లె బస్సు వచ్చి ఆగింది. పాసింజరు రైలు ఆగిపోయినప్పటి నుంచీ సుబ్బులు ఈ బస్సులోనే వస్తోంది. గంప బస్సు వెనకనించి దింపుకుని, మాస్కుని గడ్డం కిందికి లాగి ఊపిరి పీల్చుకుని, ఎవరైనా చూస్తారేమోనని మళ్ళీ పైకి లాక్కుంది.

"పిన్నీ!"

"ఉషమ్మా! నీ కోసమే అనుకుంటన్నా." సుబ్బులు దగ్గరికి రాబోయి, రెండు గజాల దూరంలో తనంతట తనే ఆగింది. అది చూసి ఉషశ్రీకి సిగ్గేసింది. "ఇయ్యాల పదింటికంటగా? మాస్టారుగారు కబురు పెట్టారు. నన్ను కూడా రమ్మన్నారు."

"వెళ్తున్నావా?"

"పోక? ఈ కాయితం తెచ్చాగా." రవికలోంచి పాలిథిన్ కవరు తీసింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం తడవకుండా అందులో ఉంది. "వాలంటీరు పిల్ల ఇచ్చింది. 'లేదు' అని ఉందంది. నువ్వొకసారి చూడమ్మా. నా చేతినుంచి రక్తం తీసింది నువ్వేగా."

నిజమే. కంచె కట్టిన వీధిలో, వలలు ఆరేసిన అరుగుమీద, సుబ్బులు చెయ్యి చాపింది. ముసుగులో ఉన్నది ఎవరో తెలిసి కూడా "అమ్మగారు గుర్తొస్తన్నారమ్మా" అని ఒక్క ముక్క మాత్రం అంది. ఆ రోజు సూది దిగింది సుబ్బులుకే అయినా కళ్ళు తుడుచుకున్నది ఉషశ్రీ.

కాగితం చదివింది. యాంటీబాడీలు లేవు.

"అంటే నాకు రాలేదనేగా?"

"రాలేదనే అనుకోవచ్చు పిన్నీ. నూటికి నూరూ అని మాత్రం చెప్పలేం. కొందరికి వచ్చినా గుర్తు నిలవదు."

సుబ్బులు కాగితం వెనక్కి తీసుకుని కవర్లో పెట్టుకుంది.

"మా పల్లెలో ముప్పయ్యెనిమిది మందికుందని పేపర్లో ఏశారంట. రేపల్లెలో టీకొట్టోడు నా డబ్బులు నేలమీద పెట్టమన్నాడు. మీరంతా పల్లె మొత్తం గురించి గట్టిగా చెప్పారు. నా ఒక్కదాని గురించి అడిగితే, నూటికి నూరూ చెప్పలేమంటన్నావు."

శాస్త్రం తప్పు కాదు, సుబ్బులు అడిగిందీ తప్పు కాదు. రెండూ ఒప్పే అయినప్పుడు ఎక్కడో ఒక మనిషి అన్యాయమైపోతోంది. ఆ మనిషి ఎదురుగా గంపతో నిలబడి ఉంది.

"బాపట్ల, బాపట్ల! ఎక్కుతారా లేదాండీ?" కండక్టరు కేకేశాడు.

"లేదండీ. మీరు వెళ్ళండి," అంది ఉషశ్రీ, మెట్టుమీది కాలు తీసి.

*

డేనియల్ మాస్టారు లెక్కల పంతులుగా రిటైరయ్యారు. కుర్చీలు గజం గజం దూరంలో వేయించి, తన కుర్చీ మధ్యలో వేసుకున్నారు. వీధిలో నలుగురైదుగురు వచ్చారు. శేషగిరిరావు పేపరుతో కూచున్నాడు. ప్రణీత్ తండ్రి వెనకాల నిలబడ్డాడు. గేటులోంచి సుబ్బులుతో పాటు వస్తున్న భార్యని చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"పాపం, ఆవిడ కాగితం తెచ్చింది. ముందు అది చూద్దాం," అన్నారు మాస్టారు. సుబ్బులు కవరు గట్టుమీద పెట్టి వెనక్కి జరిగింది. ఆయన చదివి శేషగిరిరావుకి అందించారు. "లేదని ఉంది శేషగిరీ."

శేషగిరిరావు కాగితాన్ని చాలాసేపు చూశాడు. అదే కాగితం వేరొకరిదైతే అంతసేపు పట్టేది కాదు.

"నూటికి నూరూ అని చెప్పగలరా?" అన్నాడు. అది కోడలికే తగలాలని అన్నాడు.

"చెప్పలేం," అంది ఉషశ్రీ.

"అదిగో!"

"అదిగో కాదు మావయ్యా. పల్లెలో ముప్పయ్యెనిమిది అనగానే ఆవిడే తెచ్చిందన్నారు. ఆవిడకి లేదనే కాగితం చూపిస్తే నూటికి నూరూ కావాలంటున్నారు. మీ దగ్గరికి రెండు తక్కెళ్ళతో ఎవరైనా వస్తే యార్డులో అడుగు పెట్టనిస్తారా?"

వీధివాళ్ళలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"మరైతే ఎవరు తెచ్చారమ్మా?" అన్నాడు శేషగిరిరావు. గొంతులో కోపం లేదు. అందుకే వినడం ఇంకా కష్టమైంది. "అది గడప దాటేది కాదు. గుడికి కూడా వెళ్ళలేదు. దానంతట అది లోపలికి రాలేదుగా. ఎవరో ఒకరు తేవాలి. ఎవరు?"

"ఉషా, ఇంటికెళ్దాం పద," అన్నాడు ప్రణీత్.

"నాకు ఉంది మావయ్యా."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. మాస్టారు మాత్రం కళ్ళజోడు తీశారు.

"నా రక్తంలో ఉంది. పదకొండు రోజుల కిందట తెలిసింది. చెప్పడానికి భయమేసింది. సుబ్బులు పిన్నిని వీధిలోంచి లేపేస్తారని తెలిసి కూడా నోరు మూసుకున్నాను. మన ఇంట్లోంచి రోజూ బయటికెళ్ళి ఆసుపత్రిలో తిరిగొచ్చింది నేనొక్కదాన్నే. మీరు ఎవరో ఒకరి పేరు చెప్పాల్సొస్తే నా పేరు చెప్పండి."

సుబ్బులు గంప దించి గట్టుమీద కూచుంది.

"ఎప్పుడొచ్చింది నీకు?" అన్నాడు శేషగిరిరావు.

"కాగితం అది చెప్పదు. అత్తయ్యకి ముందో, అత్తయ్యనించో, ఆ తరవాత డ్యూటీలోనో. జ్వరం రాలేదు. వాసన పోలేదు. వాసన పోయినా కనుక్కునేదాన్నేమో. అసలు ఏ తేడా తెలీలేదు మావయ్యా, తెలిస్తే వసారాలోనే పడుకునేదాన్ని..."

తండ్రి అరుస్తాడని ప్రణీత్ ముందుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. వీధివాళ్ళు కూడా దానికోసమే చూస్తున్నారు. శేషగిరిరావు అరవలేదు. చేతిలో కాగితం జాగ్రత్తగా దాని మడతల్లోనే మడిచాడు.

"వాసన పోతుందా దానికి?" అన్నాడు.

"చాలామందికి పోతుంది."

"ఎన్నాళ్ళు?"

"కొందరికి రెండు మూడు రోజులు. కొందరికి నెల. ఎందుకు మావయ్యా?"

ఆయన కోడలివంక కాక మాస్టారివంక చూశాడు. తన వయసువాడితో చెప్పడం తేలికనుకున్నాడేమో.

"జూన్ నెలాఖరున యార్డుకి వెళ్ళొచ్చాను డేనియల్. ఆ మర్నాడు ఇంట్లో కొమ్ము విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మట్టిగడ్డ. ఇంకో కొమ్ము విరిచాను. అదీ మట్టిగడ్డే. నలభై ఏళ్ళుగా పక్క వీధిలో పసుపు ఉడికితే ఏ రకమో పేరు పెట్టి చెప్పే ముక్కు నాది. నాలుగు రోజులు ఏ వాసనా లేదు."

"నాన్నా," అన్నాడు ప్రణీత్.

"మీ అమ్మకి చెప్పాను. ఎవరితోనూ అనొద్దంది. అంటే అంబులెన్సులో ఎక్కించి తీసుకుపోతారని దాని భయం. నేను వెళ్తే తిరిగి రానని. నా కంచం అదే తీసింది. నా దుప్పటి అదే ఉతికింది. కషాయం పెట్టి ఎదురుగా కూచుని తాగేదాకా కదిలేది కాదు."

ఉషశ్రీ కళ్ళు తుడుచుకుని దగ్గరికి వెళ్ళింది.

"అదీ రుజువు కాదు మావయ్యా. మామూలు జలుబుకి కూడా వాసన పోతుంది. అప్పుడు మీకు పరీక్ష జరగలేదు. ఇప్పుడు చేయించినా మీదే ముందని తేలదు. ఎవరినించి ఎవరికన్నది ఇంక ఎప్పటికీ..."

"రుజువు నాకెందుకమ్మాయ్? సుబ్బులు విషయంలో అడిగానా రుజువు?"

ఆ మాటతో ఆయన భుజాలు కిందికి జారాయి. ఉషశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది. పదకొండు రోజులుగా ఏ చెయ్యి తనమీదికి లేస్తుందని భయపడిందో ఆ చెయ్యే. అందులో బలం లేదు. ఆయన మీద ఇంత జాలి కలుగుతుందని ఆమె అనుకోలేదు.

మాస్టారు కుర్చీలోంచి లేచారు. "సరే, ఇంక మాట్లాడుకోడానికేం లేదు. సుబ్బులు ఎప్పటిలాగే మలుపు దగ్గర కూచుంటుంది. అందరికీ సమ్మతమేగా?"

అందరూ తలలూపారు. అంత తొందరగా తలలూపడంలో బతుకుజీవుడా అనే ధోరణి ఉంది. ఒకాయన అప్పుడే చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు.

"నాకు సమ్మతం కాదండి," అంది సుబ్బులు.

ఆమె ఇంతసేపూ అక్కడే ఉందన్న సంగతి అందరూ మర్చిపోయినట్టున్నారు. గట్టుమీదినించి లేచి వచ్చి శేషగిరిరావుకి ఎదురుగా నిలబడింది. రెండు గజాల దూరం ఈసారి పాటించలేదు.

"అమ్మగారు పోయారని తెలిసి ఆ రోజు పరిగెత్తుకొచ్చానండి. మీరు గేటు తియ్యలా. వీధిలో నిలబడి ఏడ్చి పోయాను. బాధలో ఉన్నారు, ఏమీ తెలీక అంటన్నారు అనుకున్నా. ఇన్నాళ్ళూ అదే అనుకుని ఓర్చుకున్నా. మా ఆయన పోట్లాడదాం పదమంటే వద్దన్నా."

"సుబ్బులూ..." అన్నాడు శేషగిరిరావు.

"ఒక్కటే అడుగుతా బాబుగారూ. నా పేరు వీధంతా చెప్పి తిరిగిన రోజున, మీకు వాసన పోయిన సంగతి మీకు గుర్తుంది. గుర్తుండే చెప్పారా?"

ప్రణీత్ తండ్రి భుజంమీద చెయ్యి వేసి లేపబోయాడు. శేషగిరిరావు ఆ చెయ్యి తీసేశాడు గానీ లేవలేదు, తల కూడా ఎత్తలేదు.

సుబ్బులు గంప ఎత్తుకోలేదు. జవాబు కోసం నిలబడే ఉంది.